తత్త్వాల పాఠనిర్ణయంలో శ్రవణసాధనాల పాత్ర: బ్రహ్మంగారిమఠం మౌఖిక సంప్రదాయం నేపథ్యంగా

వ్యాససంగ్రహం:
పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేర ప్రచారంలో ఉన్న తత్త్వాలు నేటికీ ప్రధానంగా గానరూపంలోనే నిలిచి ఉన్నాయి. వీటిని సేకరించే పరిశోధకులు మొదట గానాన్ని రికార్డు చేసి, తరువాత హెడ్‌ఫోన్లలో విని అక్షరబద్ధం చేస్తారు. ఈ రెండవ దశలో దొర్లిన శ్రవణదోషం పాఠాంతరంగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. క్యాసెట్టు మొదలుకొని నేటి డిజిటల్ ప్లేయర్ల వరకు శ్రవణసాధనాల పనితీరును వివరించి, విని రాసే పరిశోధకులు పాటించదగిన పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తత్త్వాలు, కాలజ్ఞానం, పాఠాంతరం, శ్రవణదోషం, ధ్వనిసంపీడనం, హెడ్‌ఫోన్లు, బ్రహ్మంగారిమఠం.

1. ప్రవేశిక:
కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠానికి పూర్వనామం కందిమల్లాయపల్లె. వీరబ్రహ్మేంద్రస్వామి సజీవసమాధి పొందిన స్థలంగా భక్తులు దీనిని కొలుస్తారు. ఆయన పేర ఉన్న కాలజ్ఞానం, కాళికాంబ సప్తశతి ముద్రణకెక్కాయి. ఆయన పేరిట, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య పేరిట పాడే తత్త్వాలు మాత్రం పుస్తకాలలో కంటె భజన బృందాల గొంతులలోనే ఎక్కువగా బతికాయి.

కాలజ్ఞానంలో ప్రక్షిప్తాల సమస్య పరిశోధకులకు కొత్తది కాదు. తాళపత్ర ప్రతులలోని లేఖకదోషాలను గుర్తించడానికి మన పరిష్కర్తలు ఏర్పరచిన పద్ధతులు ఉన్నాయి. విని రాసేటప్పుడు దొర్లే దోషాల విషయంలో అంతటి జాగ్రత్త ఇంకా అలవాటు కాలేదు. మేలైన ప్లేయరు కోసం, హెడ్‌ఫోన్ల కోసం సంగీతప్రియులు చూపే పట్టింపు విలాసంగా కనిపించవచ్చు. వారికి ధ్వనిశుద్ధి ఆనందహేతువు. మౌఖిక సాహిత్య పరిశోధకులకు అది పాఠశుద్ధికి సంబంధించిన విషయం.

2. క్యాసెట్టు నుంచి మెమరీ కార్డు దాకా:
ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్టును ప్రవేశపెట్టింది. సోనీ సంస్థ 1979 జులై 1న జపానులో తొలి వాక్‌మన్‌ను విడుదల చేయడంతో, వెంట తీసుకువెళ్లి హెడ్‌ఫోన్లలో ఒంటరిగా వినే పద్ధతి జనసామాన్యానికి అందింది. చౌక క్యాసెట్లు ఉత్తర భారతంలో ప్రాంతీయ, భక్తి గీతాలకు తెచ్చిన విస్తృతిని పీటర్ మాన్యుయేల్ 1993లో వెలువరించిన ‘క్యాసెట్ కల్చర్’ గ్రంథంలో చర్చించారు. తెలుగునాట కూడా భక్తిగీతాలు, తత్త్వాలు ఆ దారినే ఇంటింటికీ చేరాయి. 1984లో ఎన్.టి. రామారావు నటించి దర్శకత్వం వహించిన చలనచిత్రం బ్రహ్మంగారి కథకు మరింత వ్యాప్తి కలిగించింది. 2001లో ఐపాడ్ వచ్చింది. ఆ తరువాత మెమరీ కార్డులు, చరవాణులు వచ్చాయి.

ఈ పరిణామాన్ని ప్రతుల పరంపరగా చూడాలి. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించినప్పుడల్లా టేపు రొద పెరుగుతుంది, సన్నని ధ్వనులు మరుగున పడతాయి. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. యంత్రం సుమారు 6 శాతం వేగంగా నడిస్తే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. కాబట్టి పాత క్యాసెట్టు ఒక్కటే ఆధారంగా గాయకుని శ్రుతిని నిర్ణయించడం సాహసమే అవుతుంది.

డిజిటల్ ఫైలును ఉన్నదున్నట్లుగా నకలు చేస్తే ఏ నష్టమూ ఉండదు. సంపీడనం చేసిన ఫైలును మళ్లీ మళ్లీ సంపీడనం చేసినప్పుడే నష్టం పోగుపడుతుంది.

3. సంపీడనంలో పోయేది ఏమిటి?
సీడీ ప్రమాణంలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్ల కొలతతో నమోదు చేస్తారు. ఆ లెక్కన ఒక గంట స్టీరియో గానానికి దాదాపు 635 మెగాబైట్లు పడుతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3లో అదే గానం 58 మెగాబైట్లలోపు ఇముడుతుంది. ఒక పెద్ద ధ్వని వినిపిస్తున్నప్పుడు, దానికి దగ్గరి పౌనఃపున్యంలోని చిన్న ధ్వనిని చెవి గుర్తించలేదు. ఎంపీ3 ఈ మరుగునే ఆధారం చేసుకొని, వినబడదనుకున్న భాగాన్ని తక్కువ వివరంతో నమోదు చేస్తుంది, లేదా వదిలివేస్తుంది. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఫైలు పరిమాణాన్ని తగ్గిస్తుంది గాని ధ్వనిలో దేనినీ పోనివ్వదు.

ఎక్కువ బిట్‌రేటు గల ఎంపీ3ను మూలం నుంచి వేరు చేయడం చాలామంది శ్రోతలకు కష్టమే. చిక్కు వచ్చేది తక్కువ బిట్‌రేటుతోను, కుదించిన పౌనఃపున్య పరిధితోను. సంప్రదాయ టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్‌జ్‌ల వరకే ధ్వనిని మోస్తుంది. ‘స’కార శక్తిలో అధికభాగం అంతకు పైన ఉంటుంది. ఫోనులో పేరు చెప్పేటప్పుడు ‘సీతలో సీ’ అని విడమరచవలసి రావడానికి ఇదే కారణం. పాడినవారు ఫోనులో వినిపించిన తత్త్వాన్ని గాని, స్వరసందేశంగా చేతులు మారిన తత్త్వాన్ని గాని ప్రమాణపాఠానికి ఆధారంగా తీసుకోరాదు.

4. చెవి వినేది, మనసు పూరించేది:
1970లో రిచర్డ్ వారెన్ చేసిన ప్రయోగం ఇక్కడ కీలకం. ఆయన ఒక ఆంగ్లపదంలోని ‘స’కారాన్ని, దాని ఇరుపక్కల ధ్వనుల కొసలతో సహా తొలగించి, ఆ చోట దగ్గు శబ్దాన్ని ఉంచి వినిపించారు. శ్రోతలు లోపాన్ని గుర్తించలేదు. పదం పూర్తిగా వినబడిందనే నమ్మారు. మరుగున పడిన ధ్వనిని మనసు తనకు తెలిసిన పదంతో పూరించుకుంటుంది.

తత్త్వగానంలో చిరతల దెబ్బ ఆ దగ్గు చేసిన పనినే చేయగలదు. తాళం పడే చోటు తరచుగా పదం మొదటి అక్షరమే. ‘శివుడు’, ‘జీవుడు’ అనే పదాలను చూద్దాం. రాతలో వీటికి హల్లులోను, అచ్చు నిడివిలోను భేదం ఉంది. పాటలో హ్రస్వం తాళానికి లోబడి సాగుతుంది గనుక నిడివి భేదం చెరిగిపోవచ్చు. ఇక మిగిలింది తొలి హల్లు. దానిమీద చిరతల మోత పడితే, విన్నవారు తమకు పరిచితమైన ముద్రిత పాఠాన్నే ‘వింటారు’. అద్వైతబోధ చేసే తత్త్వంలో శివుడి స్థానంలో జీవుడు వస్తే మారేది ఒక్క అక్షరం కాదు, ప్రతిపాదన మొత్తం.

పరికరం తీర్చలేని చిక్కులూ ఉన్నాయి. జనవ్యవహారంలో ‘హంస’, ‘అంశ’ రెండూ ‘అంస’గా పలికే అవకాశం ఉంది. గాయకుని నోటిలోనే భేదం లేనప్పుడు ఎంత ఖరీదైన హెడ్‌ఫోను పెట్టుకున్నా ప్రయోజనం ఉండదు. అక్కడ సందర్భం, ఇతర గాయకుల పాఠాలు, గాయకుని వివరణ మాత్రమే శరణ్యం. శ్రవణదోషమేదో, ఉచ్చారణ భేదమేదో, నిజమైన పాఠాంతరమేదో వేరు చేయడమే పరిశోధకుల పని.

5. పరికరాల ఎంపిక:
హెడ్‌ఫోన్లలో వెనుకభాగం మూసినవి, తెరిచినవి అని రెండు ప్రధాన రకాలున్నాయి. మూసినవి బయటి రొదను కొంత ఆపుతాయి కాబట్టి క్షేత్రంలో రికార్డు చేసేటప్పుడు అనుకూలం. 1991 నుంచి స్టూడియోలలో వాడుతున్న సోనీ ఎండీఆర్-7506 ఈ రకానిదే. తెరిచినవి సహజమైన విస్తృతిని ఇస్తాయి. నిశ్శబ్దమైన గదిలో విని రాయడానికి ఇవి మేలు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఈ కోవలోనిది. దీని అవరోధం 300 ఓమ్‌లు. చరవాణి వంటి చిన్న పరికరం దీనికి చాలినంత వోల్టేజీ ఇవ్వలేక ధ్వని నీరసంగా వినిపించవచ్చు. సంగీతప్రియులు ప్రత్యేక ప్లేయరును, యాంప్లిఫయరును వాడడానికి ఒక కారణం ఇదే.

రెండు మైకులతో స్టీరియోగా రికార్డు చేస్తే మరొక మేలు ఉంది. ఒకేసారి వినిపించే రెండు మాటలలో ఒకదానిపై చెవి నిలిపే శక్తిని కోలిన్ చెర్రీ 1953లో హెడ్‌ఫోన్ల సాయంతో పరిశీలించారు. రెండు మాటలు చెరొక చెవికి చేరినప్పుడు శ్రోతలు వాటిని తేలికగా వేరు చేయగలిగారు. ప్రధాన గాయకుడు ఒకవైపు, వంత పాడేవారు మరొకవైపు వినిపిస్తే పల్లవిలో కలిసిపోయే మాటలు విడివడతాయి.

అధిక వ్యయం మాత్రం అవసరం లేదు. సీడీ ప్రమాణాన్ని మించిన ధ్వనిని, సీడీ ప్రమాణానికి కుదించిన అదే ధ్వనిని మేయర్, మోరన్ తమ పరీక్షలో శ్రోతలకు వినిపించారు. మామూలు స్థాయిలో విన్నప్పుడు శ్రోతలు తేడా కనిపెట్టలేకపోయారని 2007లో ప్రకటించారు. రికార్డు చేసి భద్రపరచడానికి మాత్రం 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లు కనీస ప్రమాణంగా అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం సూచించింది. ఆ లెక్కన గంట స్టీరియోకు ఒక గిగాబైటు పైచిలుకు పడుతుంది. నేటి మెమరీ కార్డులకు అది భారం కాదు.

6. విని రాసే పద్ధతి:
క) మూల ఫైలును మార్చకుండా భద్రపరచి, నకలుపైనే పని చేయాలి.
చ) బాస్ పెంచే అమరికలను, రొదను అణచే సదుపాయాన్ని ఆపి, తీగ గల హెడ్‌ఫోన్లతో వినాలి. బ్లూటూత్‌లో ధ్వని సాధారణంగా మరొకసారి సంపీడనానికి లోనవుతుంది.
ట) ముద్రిత పాఠాన్ని చూడకముందే తొలి లేఖనం పూర్తి చేయాలి.
త) సందేహస్థలాలను, శ్రుతి మారకుండా వేగం తగ్గించి వినాలి. అప్పటికీ తేలనివాటిని ఊహతో పూరించక గుర్తు పెట్టి వదలాలి.
ప) ఆ భాగాన్ని గాయకునికే హెడ్‌ఫోనులో వినిపించి అడగాలి. ఆయన ఇచ్చిన వివరణను విడిగా నమోదు చేయాలి. పాడిన మాటకు, తరువాత చెప్పిన మాటకు తేడా ఉంటే అది కూడా పరిశోధనకు విలువైన ఆధారమే.
య) ఏ ఫైలు నుంచి, ఏ పరికరంతో విని రాసినదీ పీఠికలో తెలపాలి.

గంటల తరబడి వినే పరిశోధకులు తమ చెవులను కూడా కాపాడుకోవాలి. పెద్దలకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు సురక్షిత పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

7. ముగింపు:
ప్రతి తాళపత్రం ఎక్కడ దొరికింది, ఏ స్థితిలో ఉంది, ఎక్కడ శిథిలమైంది అని పరిష్కర్తలు పీఠికలో చెబుతారు. రికార్డు చేసిన తత్త్వానికీ ఆ గౌరవం దక్కాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో తత్త్వాలు పాడే పెద్దల గళాలను నేడు రికార్డు చేసేవారు ధ్వనితోపాటు ఈ వివరాలను కూడా భద్రపరచాలి. బ్రహ్మంగారి పేరిట ఇప్పటికే చేరిన ప్రక్షిప్తాలకు మన చెవుల పొరపాట్లు తోడు కాకూడదు. సందేహం ఉన్నచోట ఖాళీ విడిచిన లేఖనం అసంపూర్ణమే కావచ్చు గాని, ఊహతో నింపిన లేఖనం కంటె విశ్వసనీయం.