కోరుకొండ ఎక్కాలనుందా? సంక్రాంతికే నడక మొదలుపెట్టండి

ఏటా ఫాల్గుణమాసంలో కోరుకొండ తీర్థం అయిన మర్నాడు నా దగ్గరకు రెండు రకాల మనుషులు వస్తారు. మోకాళ్ళు పట్టుకుని వచ్చేవారు మొదటి రకం. వాళ్ళను చూస్తే నాకు భయం లేదు. నాలుగు రోజుల విశ్రాంతితో సర్దుకుంటారు. ఛాతీమీద చెయ్యి పెట్టుకుని వచ్చేవారు రెండో రకం. నేను భయపడేది వీళ్ళను చూసే.

కొన్నేళ్ళ క్రితం అలా వచ్చినాయన ఒకరున్నారు. వయస్సు 52. కొట్లో కూర్చుని చేసే వ్యాపారం. ఇంటినుంచి కొట్టుకూ, కొట్టునుంచి ఇంటికీ స్కూటరే. అటువంటి మనిషి తీర్థానికి వెళ్ళి, ఉదయం పదకొండు గంటలకు, కడుపునిండా ఫలహారం చేసి, పిల్లలతో పోటీపడి మెట్లెక్కారు. సగం దూరంలో గుండెమీద బండ పెట్టినట్టయింది. చెమటలు పోశాయి. కూర్చుని సోడా తాగారు. కాస్త తగ్గింది. మిగతా సగం కూడా ఎక్కి దర్శనం చేసుకుని దిగారు!

మర్నాడు నేను అడిగితే, "అబ్బే, గ్యాసండీ డాక్టరుగారూ, అంతే" అన్నారు. ఇ.సి.జి. తీస్తే అది గ్యాసు కాదు. గుండెపోటు. ఆయన అదృష్టవంతులు, బ్రతికి బయటపడ్డారు. కాని ఒక రాత్రంతా ఆలస్యమవటంవల్ల గుండె కండరం కొంత శాశ్వతంగా దెబ్బతింది.

మరి కొండ ఎక్కటం తప్పా? కానేకాదు. తప్పంతా ఏడాది పొడుగునా కూర్చుని, ఒక్కరోజున ఎక్కటంలో ఉంది.

మెట్లు శత్రువులా, మిత్రులా?

1953లో లండన్ డాక్టరు జెరెమీ మోరిస్, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. అప్పట్లో లండన్ నగరపు రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్లకోసం పైకీ కిందికీ తిరుగుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే రకం జీవితం. అయినా గుండెజబ్బులు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించాయి. కండక్టర్లకు జబ్బు వచ్చినా, తక్కువ మందికి, ఆలస్యంగా వచ్చింది. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని లోకం గుర్తించటానికి ఈ పరిశీలన పెద్ద కారణమయింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటుంది. కండక్టరు ఆ మెట్లను ఒక్క పరుగులో ఎక్కలేదు. రోజూ, కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి ఎక్కాడు. మెట్లు అతనికి మిత్రులైంది అందువల్లనే.

నాలుగు దారులు

రాజమండ్రికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది కోరుకొండ. కొండమీద లక్ష్మీనరసింహస్వామి ఆలయం, దిగువన మరో ఆలయం. మెట్లు నిటారుగా ఉంటాయి. మామూలు నడకకంటే మెట్లెక్కటం రెండింతలకు మించిన శ్రమ. కాబట్టి చుట్టుపక్కల దారుల్ని మందు మోతాదుల్లాగా, తక్కువనుంచి ఎక్కువకు వాడుకోవాలి.

మొదటిది, కొండ దిగువన ఊరి వీధులు. తెల్లవారుజామున ఇంటి ముందు ముగ్గులు పడే వేళకు బయలుదేరండి. కొండను చూస్తూ నడవండి, కాని ఇప్పుడే ఎక్కకండి. రోజూ 20 నిమిషాలు చాలు. రెండు వారాలు ఇంతే.

రెండోది, ఊరు దాటి గోకవరం వైపుగాని, రాజమండ్రి వైపుగాని పొలాల మధ్య సాగే రోడ్డు. దీనిమీద 30, 40 నిమిషాలు నడవండి. మధ్యలో ఐదేసి నిమిషాలు వేగం పెంచండి. ఎదురుగా వచ్చే బండి మీకు కనిపించేలా రోడ్డుకు కుడిపక్కన నడవండి. తెల్లబట్టలు వేసుకోండి. చేతిలో టార్చి ఉంచుకోండి. చీకట్లో లారీ వాడికి మీరు కనిపించటం మీ వ్యాయామంకన్న ముఖ్యం.

మూడోది రాజమండ్రిలో ఉన్నవారికి. గోదావరి గట్టు. పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు ప్రాంతాల్లో పొద్దున్నే నదిమీది గాలి పీల్చుకుంటూ నడవవచ్చు. చదునుగా ఉంటుంది కనుక మోకాళ్ళకు సుఖం. పరుగు నేర్చుకోవాలనుకునే వారికి ఇటువంటి చోటే తగినది. ఆగకుండా 40 నిమిషాలు హాయిగా నడవగలిగాక, ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా పది సార్లు చేయండి. ఆపైన వారం వారం పరుగు కాస్త పెంచుకోవచ్చు. పరుగుకు బూట్లు తప్పనిసరి, చెప్పులు పనికిరావు.

నాలుగోది కొండ. ఐదో వారంలో రెండు రోజులు, నాలుగోవంతు మెట్లెక్కి దిగిరండి. ఆరోవారం సగం. ఏడోవారం మధ్య మధ్య ఆగుతూ పూర్తిగా. మిగతా రోజుల్లో చదును నడకే. సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెడితే తీర్థం నాటికి మీ కాళ్ళూ గుండే రెండూ సిద్ధంగా ఉంటాయి.

ఎంత వేగం?

గడియారం అక్కర్లేదు. పక్కవారితో మాటలాడుతూ నడవగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట తెగిపోతూ రొప్పుతుంటే వేగం తగ్గించండి. పెద్దవాళ్ళు ఇలాంటి నడక వారానికి మొత్తం 150 నిమిషాలైనా నడవాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదురోజులు.

ఎక్కేటపుడు నడవటం చిన్నతనమని కుర్రవాళ్ళు అనుకుంటారు. ఫ్రాన్సు దేశంలో ఆల్ప్స్ కొండల నడుమ షామొనీ అనే ఊరుంది. మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరిగివచ్చే పెద్ద పరుగుపందెం 2003లో అక్కడ మొదలయింది. దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు అంతా కలిపితే సుమారు 10,000 మీటర్లు. అంతటి పందెంలోనూ నిటారు ఎక్కుళ్ళ దగ్గర పరుగువీరులు నడిచే పోతారు. ఊపిరి దాచుకోవటం వాళ్ళకు తెలుసు కనుకనే చివరిదాకా వెళ్ళగలుగుతున్నారు.

దిగేటపుడు జాగ్రత్త

ఎక్కేటపుడు శ్రమ గుండెది, దిగేటపుడు మోకాళ్ళది. మెట్లు దిగుతున్నప్పుడు మోకాలిమీద మన బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది. 70 కిలోల మనిషికి అది 200 కిలోలు దాటుతుంది. అందువల్ల ఎట్టి పరిస్థితిలోనూ మెట్లు పరుగెత్తుతూ దిగకండి. మోకాలి నొప్పి ఉన్నవారు ఒక్కొక్క మెట్టుమీద రెండు పాదాలూ ఆనించి దిగాలి. ఎక్కేటపుడు మంచి కాలు ముందు, దిగేటపుడు నొప్పి కాలు ముందు. మోకాలు వాచి ఉంటే ఆ ఏడాదికి దిగువ ఆలయంలోనే దండం పెట్టుకోండి. స్వామి ఏమీ అనుకోడు.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా

ఇది చాలామందికి తట్టని విషయం. కొండ ఎక్కేది ఉత్తకాళ్ళతో. షుగరు వ్యాధి చాలాకాలంగా ఉన్నవారిలో కొందరికి అరికాళ్ళకు స్పర్శ తగ్గిపోతుంది. ఎండకు కాలిన మెట్టుమీద మామూలు మనిషి గంతు వేస్తాడు. వీరు నింపాదిగా నిలబడతారు! సాయంత్రానికి బొబ్బలు, వారానికి పుండు, అది మానక చివరకు వేళ్ళు తీసివేయటందాకా వెళ్ళవచ్చు. అటువంటివారు ఎండ ముదరకముందే ఎక్కి దిగెయ్యాలి. ఇంటికి రాగానే పాదాలు కడుక్కుని, వేళ్ళ సందులతో సహా వెలుతురులో చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లో పిల్లలచేత చూపించుకోండి.

మరొకటి. ఉపవాసం ఉండి, షుగరు మాత్రగాని ఇన్సులినుగాని వేసుకుని కొండ ఎక్కకండి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి వణుకు, చెమట, కళ్ళు తిరగటం రావచ్చు. జేబులోనో, కొంగునో చక్కెర పొట్లం ఉంచుకోండి. ఆ లక్షణాలు కనిపించిన వెంటనే నోట్లో వేసుకుని కూర్చోండి. ఉపవాసం రోజున మందు ఎలా వాడాలో ముందే మీ డాక్టరును అడగండి.

"ఇంటి పనంతా నాదేనండీ, ఇంక నడకెందుకు?"

ఈ ప్రశ్న ఆడవారు తప్పకుండా అడుగుతారు. అమ్మా, ఇంటిపని తేలికని నేననను. కాని వంటింట్లో నిలబడటం వేరు, ఆగకుండా అరగంట గుండె వేగంగా కొట్టుకునేలా నడవటం వేరు. పక్కింటివారిని కలుపుకుని నలుగురు కలిసి బయలుదేరండి. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి, మెట్లమీద కాలికి అడ్డం పడకుండా ఉంటుంది. ఆ అరగంటా పొయ్యి సంగతి మగవారు చూసుకుంటే వారికీ కొంత వ్యాయామం!

ఎవరు ముందు డాక్టరును చూడాలి?

నలభై దాటి ఇంతకాలం ఏ వ్యాయామమూ చేయనివారు, రక్తపోటు, షుగరు, ఆస్తమా ఉన్నవారు, పొగతాగేవారు, ఇంట్లో చిన్నవయస్సులో గుండెపోటు వచ్చినవారున్న కుటుంబాలవారు, గర్భిణులు. నడవటానికి కాదు, కొండకూ పరుగుకూ ముందు ఒకసారి పరీక్ష చేయించుకోండి.

దారిలో ఇవి కనిపిస్తే వెంటనే ఆగిపోండి: ఛాతీలో బరువు లేక బిగుతు, అది ఎడమచేతికిగాని, దవడకుగాని, వీపుకుగాని పాకటం, కారణం లేకుండా చల్లని చెమట, కళ్ళు బైర్లు కమ్మటం, ఎన్నడూ లేనంత ఆయాసం. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, వికారం, నీరసం మాత్రమే ఉండవచ్చు. సోడా తాగి చూద్దామనుకోకండి. కూర్చోబెట్టి, 108కి ఫోను చేయండి. రోగి తానే స్కూటరు నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళకూడదు. నొప్పి తగ్గినా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళితీరాలి. గుండెపోటులో ప్రతి నిమిషమూ కొంత కండరాన్ని తీసుకుపోతుంది.

ఇంతకీ మొదట చెప్పిన వ్యాపారిగారి సంగతి. ఆసుపత్రినుంచి వచ్చాక తన గుండె డాక్టరు చెప్పిన ప్రకారం ఇంటి వరండాలో ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టారు. తర్వాత వీధి. తర్వాత రోడ్డు. స్కూటరు కొడుక్కి ఇచ్చేశారు. ఏడాదిన్నరకు, పరీక్షలన్నీ చేయించుకుని, డాక్టరు సరేనన్నాక, ఒక మామూలు రోజున, జనం లేని వేళ, మెల్లగా ఆగుతూ కొండ ఎక్కారు. దిగివచ్చి నాకు ప్రసాదం తెచ్చిచ్చారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"ఆయ్, ఈసారి పైనుంచి ఊరు కనిపించిందండీ. అప్పుడు నా ఆయాసం తప్ప ఇంకేమీ కనిపించలేదు" అన్నారు.

కొండ ఎక్కడికీ పోదు. మీరు తొందరపడకండి. రేపు పొద్దున్నే ఇరవై నిమిషాలు వీధిలో నడవండి, చాలు.