మాట లేని నవ్వు

ఒక మనిషి బల్ల ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నపు తిండికై తెచ్చుకొన్న డబ్బా విప్పి, అందులోనుండి ఒక ఆలివ్ కాయను తీసి బల్లపై పెట్టినాడు. బల్ల చదునుగానే ఉన్నది. కనీసము మన కంటికి అట్లే కనబడుచున్నది. అయినను కాయ నిలువక దొర్లుకొనుచు ఆ కొసకు పోయినది. మరియొకటి పెట్టినాడు. అదియు అట్లే పోయినది. తరువాత ఫ్లాస్కు వంచి పాలు పోసికొనబోయినాడు. పాలధార నిలువున దిగక, ప్రక్కకు వాలి, గ్లాసును తప్పించుకొని పోయినది. ఆ మనిషి ముఖమున ఆశ్చర్యము, ఆ వెనుక అవమానము, ఆ పిదప లోకమిట్టిదే కాబోలునను సర్దుబాటు ఒకదాని వెంట ఒకటి కదలినవి. ఇంతసేపును అతని నోట ఒక్క మాట రాలేదు.

ఇది 1957 జనవరి 19వ తేదీ రాత్రి అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ ప్రసారము చేసిన ఒక అరగంట కార్యక్రమములోని ఘట్టము. ఆ మౌనపాత్ర పేరు యూజీన్. దానిని కల్పించి నటించినవాడు ఎర్నీ కోవాక్స్. ఆ రాత్రి జెర్రీ లూయీస్ అను మహాప్రసిద్ధుడైన హాస్యనటునికి గంటన్నర కాలము ఇవ్వజూపగా, అతడు గంట మాత్రమే తీసికొన్నాడు. మిగిలిన అరగంట కోవాక్సు పాలబడినది. మరియొకడైనచో దొరికిన అవకాశము జారిపోవునేమోయని మాటల వాన కురిపించియుండును. ఇతడు మాటనే వదలివేసినాడు.

ఆ బల్లలోని కిటుకు వినిన వెంటనే మనకు నవ్వు వచ్చును. గది గదినంతయు ఒక ప్రక్కకు వాలునట్లు కట్టించినారు. కెమెరాను కూడ అంతే వాలుగా వంచినారు. రెండును ఒకే విధముగా వంగియుండుటచే చూచువారికి గది చదునుగా కనబడినది. భూమ్యాకర్షణ మాత్రము వంగలేదు! కాయలును, పాలును ప్రకృతి ధర్మమునే పాటించినవి. వంకర తెరలో ఉన్నదని ఎరుగని మనకు అవి ధర్మము తప్పినట్లు తోచినవి.

హాస్యరసమునకు వికృతి మూలమని మన ఆలంకారికులు చెప్పుదురు. భరతముని నాట్యశాస్త్రములో వికృతమైన వేషమును, వికృతమైన అలంకారమును, అసంబద్ధమైన పలుకును హాస్యమునకు విభావములుగా పేర్కొన్నాడు. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆరు తెరగులుగా విభజించినాడు. పెదవి కదలీ కదలని చిరునవ్వు ఉత్తముల లక్షణమనియు, కన్నీరు కారునంతటి పకపక నవ్వు అధముల లక్షణమనియు ఆ విభాగములోని భావము. ఆ లెక్కను తరగతిలో బోధించునప్పుడెల్ల నాకు ఒక సందేహము కలిగెడిది. వేషములోను, భాషలోను, నడకలోను ఏ వికృతియు లేనివాడు మనలను నవ్వింపగలడా? కోవాక్సు యూజీనును చూచినపిమ్మట ఆ సందేహము తీరినది. అక్కడ మనిషి సరిగనే ఉన్నాడు. అతని చుట్టునున్న ప్రపంచము వంకరపోయినది. వికృతి పాత్రనుండి తెరకు మారినది. ఈ మార్పే అతడు హాస్యకళకు చేసిన క్రొత్త చేర్పు.

కోవాక్సు 1919 జనవరి 23న న్యూజెర్సీ రాష్ట్రములోని ట్రెంటన్ నగరమున జన్మించినాడు. తలిదండ్రులు హంగరీ దేశమునుండి వలస వచ్చినవారు. వారి భాషలో కోవాక్సు అనగా కమ్మరి యని అర్థము. పందొమ్మిది ఇరువదియేండ్ల ప్రాయములో రంగస్థలమున నిలద్రొక్కుకొనవలెనను తపనతో తిండి నిద్రలను అశ్రద్ధ చేసి, ఊపిరితిత్తుల వ్యాధికి గురియై, సుమారు ఏడాదిన్నర కాలము ఆసుపత్రి మంచముపై గడిపినాడు. తోడి రోగులను నవ్వించుటయే ఆనాడు అతని వ్యాపకము. తరువాత ట్రెంటన్ రేడియోలో ప్రకటనకర్తగా పనిచేసినాడు. స్థానిక పత్రికలో శీర్షిక నడిపినాడు. 1950లో ఫిలడెల్ఫియా నగరపు టెలివిజన్ కేంద్రము చేరినాడు.

ఆ కాలములో టెలివిజన్ హాస్యమనగా నాటకశాల హాస్యమే. 1948 నుండి మిల్టన్ బెర్ల్ స్త్రీవేషములతోను, విదూషక చేష్టలతోను దేశమునంతటిని నవ్వించుచుండెను. సిడ్ సీజరు చిన్న చిన్న ప్రహసనములలో అసమానుడనిపించుకొన్నాడు. 1951లో లూసిల్ బాల్ ఇంటింటి కథతో ప్రేక్షకులను వశపరచుకొన్నది. వీరందరును గొప్పవారే. కాని వారి ఎదుట ఒక సభ ఉండెడిది. ఆ సభ నవ్వును కెమెరా దూరమునుండి ఇండ్లకు చేరవేసెడిది. కోవాక్సుకు ఆ సభతో పని లేదు. తన ప్రేక్షకుడు ఇంటిలో కుర్చీలో ఒంటరిగా కూర్చుండి ఒక చిన్న పెట్టెను చూచుచున్నాడని అతడు గ్రహించినాడు. ఆ పెట్టెలో మాత్రమే సాధ్యమైన హాస్యమేది యని వెదకినాడు. తరువాతి కాలములో అతడు తీసిన ప్రత్యేక కార్యక్రమములలో ప్రేక్షకుల నవ్వు వినబడదు. యంత్రముతో చేర్చిన నవ్వు అసలే లేదు. ఎచట నవ్వవలెనో చూచువానికే వదలినాడు.

ఫిలడెల్ఫియాలో అతనికి అప్పగించిన పనులలో ఒకటి వంటల కార్యక్రమము. అందులో తన పేరునే వెనుకనుండి ముందునకు త్రిప్పి ‘స్కావొక్ గ్రుడ్లు’ అను వంటకమును సృష్టించినాడు. ప్రొద్దుటి పూట టెలివిజన్ ఎవరు చూతురని అందరును తలచు రోజులలో తెల్లవారి కార్యక్రమము నడిపి, చూచువారున్నారని ఋజువు చేసినాడు. చేతిలో ధనము లేదు, ఉన్నది బుద్ధి. ఖాళీ డబ్బాలో చౌక అద్దములు అమర్చి కెమెరా కంటికి తగిలించి, మనుషులను తలక్రిందులుగా చూపినాడు. పరికరము పేదదైనను ఫలితము పేదది కాలేదు. ప్రయోగశాలలో సామగ్రి లేదని చింతించు మన ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతిని ఒక్క నిమిషము తలపోయవలెను.

అతనికి సంగీతముపై మక్కువ ఎక్కువ. 1961లో ఎ.బి.సి. సంస్థకై తీసిన కార్యక్రమములలో చైకోవ్‌స్కీ రచించిన ప్రసిద్ధ సంగీత కృతికి తోడుగా ఆకుకూర కాడలు విరుగును, కార్యాలయపు సొరుగులు తెరచుకొని మూసికొనును. బీథోవెన్ ఐదవ సింఫనీకి లయగా పేకాట సాగును. వేరొక చోట కార్లమ్మువాడు తన కారు గట్టిదనము చూపుటకై దానిని అరచేత తట్టగా, నేల క్రుంగి కారు మాయమగును. క్షణకాలపు నవ్వునకై దినములకొలది శ్రమ! ఈ కార్యక్రమములకు ధనము సమకూర్చినది ఒక చుట్టల కంపెనీ. కోవాక్సు నోట ఎల్లప్పుడును చుట్ట ఉండెడిది గనుక ఆ పొత్తు సహజముగనే కుదిరినది.

యూజీను కథలో మరియొక ముచ్చట. అతడు గ్రంథాలయములో పుస్తకము తీసి తెరచును. అది క్షయవ్యాధితో మరణించిన ‘కామిల్’ కథ. పుట విప్పగానే లోపలినుండి దగ్గు వినబడును! చూచువారు నవ్వుదురు. ఏడాదిన్నర ఊపిరితిత్తుల వ్యాధితో మంచము పట్టినవాడు ఈ దగ్గును హాస్యముగా మలచినాడని తెలిసిన పిమ్మట, ఆ నవ్వులో కొంచెము తడి చేరును.

గుణములు చెప్పి దోషములు దాచుట విమర్శ కాదు. అతని హాస్యమంతయు నేటి తూనికకు నిలువదు. నత్తిగా పలుకు కవి వేషమును, నైరోబి పేరు తగిలించి కోతి ముసుగులతో వాద్యములు వాయించిన త్రయమును చూచునప్పుడు నేటి యువకులు నొసలు ముడిచినచో వారిని తప్పుపట్టలేము. జూదములో అతనికి అదుపు లేదు; ఖర్చులో హద్దు లేదు; ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పన్నులు చెల్లించుటలో శ్రద్ధ లేదు. 1962 జనవరి 13వ తేదీ తెల్లవారుజామున ఒక విందునుండి మరలి వచ్చుచు, వానకు తడిసిన లాస్ ఏంజెలిస్ వీధిలో అతని కారు స్తంభమునకు గ్రుద్దుకొన్నది. నలుబది మూడవ ఏడు నిండుటకు పది దినములున్నవి. అతడు విడిచిపోయినవి లక్షల డాలర్ల అప్పును, మిగిలిన కొన్ని టేపులును.

ఇక్కడినుండి కథ అతని భార్య ఈడీ ఆడమ్సుది. ఆమె జూలియార్డ్ సంగీత విద్యాలయములో శిక్షణ పొందిన గాయని. 1957లో రంగస్థల నటనకు టోనీ పురస్కారము అందుకొన్నది. స్నేహితులైన నటులు ఆమె సహాయార్థము ఒక కార్యక్రమము జరుపుదుమనగా వలదన్నది. స్వయముగా పాడి, నటించి, వ్యాపార ప్రకటనలలో కనబడి భర్త అప్పు తీర్చినది. ఆ ప్రకటనలలోను ముఖ్యమైనవి చుట్టలవే యగుట విధి పరిహాసము.

అంతకంటె గొప్ప పని మరియొకటి చేసినది. తొలినాటి టెలివిజన్ కార్యక్రమములు గాలిలో పుట్టి గాలిలో కలిసిపోయెడివి. కొన్నింటిని తెరనుండి ఫిల్ముపైకి ఎక్కించెడివారు. 1956లో వీడియో టేపు వచ్చినది గాని దాని వెల ఎక్కువ. పాతదానిని చెరిపి దానిపైననే క్రొత్తది ముద్రించుట సంస్థలకు లాభము. నిన్నటి నవ్వును మరల చూచువారెవరని వారు తలచినారు. భర్త పని చెరిగిపోవుచున్నదని తెలిసి ఆమె తన సంపాదనతో ఆ టేపులను, ఫిల్ములను దొరికినంతవరకు కొని దాచినది. ఆ పొదుపు ఫలితముగనే 1977లో అమెరికా ప్రజా టెలివిజన్ అతని ఉత్తమ ఘట్టములను క్రొత్త తరమునకు చూపగలిగినది. ఆమె 2008లో కన్నుమూసినది. ఆ సంచయమును 2015లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయము స్వీకరించినది.

ఈ వృత్తాంతము చదువుచుండగా మనకు బ్రౌను దొర జ్ఞప్తికి రాకమానడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడప బంగళాలో పండితులను కూర్చి, స్వంత ధనము వెచ్చించి, చెదలపాలగుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. ఆ పని జరుగకున్నచో వేమన పద్యములలో ఎన్ని మనకు దక్కెడివో చెప్పుట కష్టము. తాటాకునకు చెదలు శత్రువైనట్లు వీడియో టేపునకు పొదుపు శత్రువైనది. కవి రచనలు చేయును. వానిని దాచినవారే తరువాతి తరములకు అందింతురు. ఈ రెండవ పనికి బిరుదులు లేవు, సన్మానములు లేవు. కావుననే దానిని మన విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది.

కోవాక్సు బాట వృథా కాలేదు. 1968లో మొదలై చిన్న చిన్న మెరుపు హాస్యములతో అమెరికాను ఊపిన ‘లాఫ్-ఇన్’ కార్యక్రమ నిర్మాత జార్జి ష్లాటర్ భార్య జోలీన్ బ్రాండ్, కోవాక్సు బృందములో నటించినదే. ఆ పిమ్మట వచ్చిన హాస్యకారులు పలువురు అతనికి తమ ఋణమును బహిరంగముగ చెప్పుకొన్నారు. నేడు చేతిలోని ఫోనుతో దృశ్యమును తలక్రిందులు చేసి మిత్రులకు పంపు ప్రతి బాలుడును, తెలియకయే, ఆ డబ్బాలోని అద్దమునకు వారసుడు.

నిరుడు హాస్యరసము పాఠము చెప్పుచు, యూజీను బల్ల ముందు కూర్చున్న ఘట్టమును మా తరగతికి చూపినాను. వెనుక వరుసలో కూర్చుండి ఎన్నడును నోరు విప్పని ఒక పల్లెటూరి పిల్లవాడు మొట్టమొదట నవ్వినాడు. ఆంగ్లము తనకు రాదని ముడుచుకొనియుండు పిల్లవాడతడు. ఆ అరగంటలో అందరితోపాటు అతనికిని సమాన పీఠము దొరికినది. “బల్ల వంకరగా ఉన్నది సార్, కెమెరా కూడ వంగినది” అని కిటుకును అందరికంటె ముందుగా చెప్పినవాడును అతడే. అరువదియేండ్లకు పైగా గడచిన ఒక మౌనహాస్యము ఒక పిల్లవానికి మాట తెచ్చినది.

లాస్ ఏంజెలిస్‌లోని అతని సమాధిపై ‘దేనిలోను మితము లేదు’ అను అర్థము వచ్చు మాటలును, అందరును అతనిని ప్రేమించినారను మాటయు చెక్కియున్నవి. అతి సర్వత్ర వర్జయేత్ అని నేర్చిన మనకు అది మొదట కొంచెము మింగుడుపడదు. జీవితములో అతడు పాటింపని మితమునకు భార్య ఏండ్ల తరబడి మూల్యము చెల్లించినది. కాని కళలో చూడుడు: మాట వదలినాడు, సభ వదలినాడు, అరువు నవ్వు వదలినాడు. బ్రతుకున లేని మితము అతని నవ్వులో ఉన్నది. భరతుడు ఉత్తమమన్న స్మితము అక్కడనే కనబడుచున్నది. ఉపాధ్యాయులు వీలైనచో ఆ ఘట్టమును ఒకసారి తమ విద్యార్థులకు చూపుదురు గాక. ముందుగా ఏమియు వివరింపవలదు. వారినే నవ్వనిండు, ఆలివ్ కాయ ఎందుకు దొర్లినదో వారినే చెప్పనిండు.