గెడ ఎన్నిసార్లు పడింది?

కొల్లేటిలో తాటిదోనె నడిపేవాని చేతిలో పొడుగాటి గెడ ఉంటుంది. గెడను అడుగున మట్టికి ఆనించి తోసినప్పుడల్లా దోనె ముందుకు సాగుతుంది. “నిమిషానికి 30 సార్లు గెడ వెయ్యి” అని యజమాని గట్టుమీద నుంచి చెప్పాడనుకుందాం. అంతమాత్రాన 30 సార్లూ పడుతున్నట్టేనా? నాచు అడ్డం రావచ్చు. ఎండకు మనిషి అలసిపోవచ్చు. నిజం తెలియాలంటే దోనెలో కూర్చుని లెక్కపెట్టవలసిందే.

కంప్యూటరు సంగతీ ఇంతే. దానికి మెదడు వంటి ప్రాసెసరు తాళం వేసినట్టుగా పని చేస్తుంది. సెకనుకు 10 లక్షల తాళాలు పడితే ఒక మెగాహెర్ట్జ్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం కెర్నల్. వేగం పెంచమనీ తగ్గించమనీ ప్రాసెసరును అడిగేది అదే. కాని ప్రాసెసరు బాగా వేడెక్కితే తన్ను తాను కాపాడుకోవటానికి నెమ్మదిస్తుంది. చల్లగా ఉంటే మూలవేగాన్ని మించి కూడా పోవచ్చు. కనక అడిగిన వేగం ఒకటి, నడిచిన వేగం మరొకటి.

అందుకే ఇంటెల్, ఎ.ఎం.డి. ప్రాసెసర్లలో రెండు మీటర్లు అమర్చారు. ఎంపర్ఫ్ అనేది ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. ఎపర్ఫ్ అనేది నిజంగా పడిన తాళాలకు తగ్గట్టు తిరుగుతుంది. పని లేక ప్రాసెసరు నిద్రపోతే రెండూ ఆగిపోతాయి. దోనెలో ఇద్దరు పిల్లలు కూర్చుని, ఒకడు సెకన్లూ, ఇంకొకడు గెడ వేతలూ లెక్కిస్తూ, దోనె ఆగినప్పుడల్లా ఇద్దరూ లెక్క ఆపినట్టన్నమాట.

చాలా ప్రాసెసర్లలో మామూలు ప్రోగ్రాములు ఈ మీటర్లను నేరుగా చదవలేవు. కెర్నల్ చదవాలి. ఇంట్లో కరెంటు మీటరు చూసేటప్పుడు ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసివేస్తారు గదా! కెర్నల్ కూడా రెండుసార్లు చదివి తేడా కడుతుంది. మూలవేగం 2,000 మెగాహెర్ట్జ్ అనుకోండి. ఎంపర్ఫ్ 40 లక్షలు తిరిగేలోగా ఎపర్ఫ్ 30 లక్షలే తిరిగింది. అంటే నడిచిన వేగం నాలుగింట మూడు వంతులు, 1,500 మెగాహెర్ట్జ్. 60 లక్షలు తిరిగితే 3,000. లినక్స్ కెర్నల్ 2017లో వచ్చిన 4.13 నుంచి, ఈ మీటర్లున్న ప్రాసెసర్ల వేగాన్ని ఇట్లా లెక్కకట్టి చూపసాగింది.

దీనివల్ల లాభమేమిటి? తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. అక్కడి విద్యార్థులిద్దరు ఒకే పనికి చెరొక ప్రోగ్రామూ రాశారనుకుందాం. ఒకదాన్ని తెల్లవారుజామున, రెండోదాన్ని మే నెల మిట్టమధ్యాహ్నం ఒకే కంప్యూటరు మీద నడిపారు. రెండోది ఆలస్యంగా ముగిసింది. “ఇది పనికిరాదు” అనేస్తే ఎట్లా? తప్పు ప్రోగ్రాముది కాక వేడిది అయితే, ఆ పిల్లవాడి శ్రమకు అన్యాయం చేసినట్టే. మీటర్లు చూస్తే నిజం బయటపడుతుంది.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇది రెండు చదువుల మధ్య, మేలుకుని ఉన్న కాలానికి వచ్చే సగటు వేగం మాత్రమే. ఏ క్షణాన ఎంత ఉందో ఇది చెప్పదు.

ఇక మీరొక లెక్క చెయ్యండి. మూలవేగం 2,400 మెగాహెర్ట్జ్. ఎంపర్ఫ్ తేడా 50 లక్షలు, ఎపర్ఫ్ తేడా 35 లక్షలు. 1,680 వచ్చిందా? అయితే మీకు విషయం బోధపడినట్టే.