ఓడిన ఆటలో అసలు తప్పు ఎక్కడ?

చదరంగంలో ఓడిన వారు చివరి ఎత్తునే తిట్టుకుంటారు. ఆటను విశ్లేషించడమంటే అక్కణ్నుంచి వెనక్కి నడిచి, తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం.

న్యూజిలాండ్‌లో ఈ సాధనకు మంచి వారసత్వం ఉంది. అక్కడి జాతీయ పోటీలు 1879లో క్రైస్ట్‌చర్చ్‌లో మొదలయ్యాయి. 1924-25లో వాటిని గెలిచిన సెసిల్ పర్డీ తర్వాత ఆస్ట్రేలియాలో చదరంగ పత్రిక నడుపుతూ, ఎక్కువగా మామూలు ఆటగాళ్ల కోసమే రాశాడు. ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో 1953లో తొలి ప్రపంచ విజేత కూడా ఆయనే. డునెడిన్‌లో పుట్టిన రాబర్ట్ వేడ్ మూడుసార్లు జాతీయ విజేత. 1972లో ప్రపంచ విజేత పోటీలో తలపడబోతున్న అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ కోసం, అతని ప్రత్యర్థి అయిన సోవియట్ ఆటగాడు బోరిస్ స్పాస్కీ పాత ఆటలను వేడ్ సేకరించిపెట్టాడు.

ఇలా వెనక్కి నడవడం ఎలాగో తెలియడానికి, కొత్త ఆటగాళ్లు తరచూ చిక్కుకునే ఒక వలను చూద్దాం. తెల్లబంటు ఈ4కు, నల్లబంటు ఈ5కు వస్తాయి. తెల్లగుర్రం ఎఫ్3కు, నల్లగుర్రం సి6కు, తెల్ల శకటు సి4కు చేరతాయి. అప్పుడు నల్లగుర్రం డి4లోకి దూకుతుంది. ఈ5 బంటు ఊరికే దొరికిందనుకొని తెలుపు దాన్ని గుర్రంతో తీసుకుంటుంది. వెంటనే నల్లమంత్రి జి5కు వచ్చి ఆ గుర్రంపైనా, జి2 బంటుపైనా ఒకేసారి గురిపెడుతుంది. తెల్లగుర్రం ఎఫ్7 బంటును కొట్టి మంత్రినీ ఏనుగునూ బెదిరిస్తుంది. నల్లమంత్రి జి2 బంటును తీసుకుంటుంది, తెల్ల ఏనుగు ఎఫ్1కు తప్పుకుంటుంది. మంత్రి ఈ4 బంటును కొట్టి రాజుకు చెక్ చెబుతుంది. శకటు ఈ2లో అడ్డుపడితే నల్లగుర్రం ఎఫ్3కు దూకుతుంది. ఏడో ఎత్తులో ఆటకట్టు!

శకటును అడ్డుపెట్టడం తప్పు కాదా? కాదు, అప్పటికే ఆట చేజారింది. ఐదో ఎత్తులో ఎఫ్7 బంటును గుర్రంతో కాక శకటుతో చెక్ ఇస్తూ కొట్టి ఉంటే పోరాటం మిగిలేది. మూలం ఇంకా వెనక, నాలుగో ఎత్తులో ఉంది. డి4లోని నల్లగుర్రాన్ని గుర్రంతోనే కొట్టేస్తే తెలుపుదే పైచేయి. బంటు కనిపించగానే, ‘దీని తర్వాత ఎదుటివాడు ఏం చేస్తాడు?’ అనే ప్రశ్న మరుగున పడింది. దొరికిన అసలు తప్పు అదే.

కంప్యూటర్ ఈ ఎత్తులన్నిటికీ క్షణంలో అంకెలు వేస్తుంది గానీ, ఆ నిమిషంలో ఆటగాడి మనసులో ఏముందో చెప్పలేదు. కాబట్టి ముందు స్కోరుషీటు పక్కన తన ఆలోచనను తానే రాసుకొని, ఆపైన యంత్రాన్ని అడగడం మేలు. గెలిచినవారూ ఇలాగే చూసుకోవాలి. పై ఆటలో నలుపు మూడో ఎత్తు ఆరంభంలోనే ఒకే గుర్రాన్ని రెండోసారి కదిపిన ఎత్తు. ఆట గెలిచినా అది తప్పే.