తెరుచుకోని కుదింపు ఫైళ్లు

ఈ సంచిక కొరకు వచ్చిన తెలుగు, ఉర్దూ రచనల కట్ట ఒకటి మా లినక్స్ కంప్యూటరులో సరిగా తెరుచుకోలేదు. విద్యార్థుల శ్రమ అచ్చుకెక్కకుండా పోతుందేమోనని కలవరపడ్డాము. అటువంటి వేళ తొందరపడి ఫైలును తుడిచివేయక, మూడు ప్రశ్నలు వేసుకొనవలెనని ఆ అనుభవం మాకు నేర్పినది.

మొదటిది: అది నిజంగా కుదింపు ఫైలేనా? మన క్రోసూరు ప్రాంతంలో మిరప కొనేవారు టిక్కీపై చీటీని కాక, లోపలి కాయను చూస్తారు. లినక్స్‌లోని 'ఫైల్' అనే ఆజ్ఞ కూడ పేరును కాక, లోపలి తొలి బైట్లను పరిశీలిస్తుంది. 1989లో ఫిల్ కాట్జ్ రూపొందించిన జిప్ ఫైలు ఆయన పేరులోని తొలి అక్షరాలైన 'పీ, కే'లతో మొదలవుతుంది. 1992 నాటి జీజిప్ ఫైలుకు తొలి బైట్లు 31, 139. ఒక్కొక్కప్పుడు జిప్ అనే పేరుతో ఏదో వెబ్ పుట దిగి ఉండవచ్చును. అది రార్ ఫైలు అయినచో వేరే ప్రోగ్రాము కావలెను.

రెండవది: ఫైలు పూర్తిగా చేరినదా? గ్రంథానికి విషయసూచిక ముందుంటుంది; జిప్‌కు చివర ఉంటుంది. సిగ్నలు తెగి డౌన్‌లోడు నడుమ ఆగినచో పోయేది ఆ సూచికయే. అందుచేతనే లోపల రచనలున్నప్పటికీ 'అన్‌జిప్' దానిని గుర్తించలేదు. మరల దించుకొనుటయే ఉత్తమం. వీలుకానిచో, మూలాన్ని పదిలపరచి, దాని నకలుపై 'జిప్' ఆజ్ఞను పెద్ద అక్షరాల 'ఎఫ్‌ఎఫ్' చేర్చి ప్రయోగించవచ్చును. పూర్తిగా చేరిన రచనలైనా దక్కే అవకాశం కలదు.

మూడవది: చెడినవి పేర్లు మాత్రమేనా? మా చిక్కు ఇదే. యూనికోడ్ పేర్లను గుర్తించే ఏర్పాటు జిప్ ప్రమాణంలోనికి 2006లో వచ్చినది. పాత పద్ధతిలో కట్టే ప్రోగ్రాములు విండోస్ సంకేతపట్టికలపై ఆధారపడేవి. వాటిలో 1256వది ఉర్దూ అక్షరాలను మోయగలదు. తెలుగుకు అటువంటి పట్టికయే లేదు. కావున ఉబుంటులోని అన్‌జిప్‌కు పెద్ద 'ఓ'తో ఆ పట్టికను తెలిపి, గజిబిజియైన ఉర్దూ పేర్లను సరిచేసుకొన్నాము. ప్రశ్నార్థకాలుగా మారిన తెలుగు పేర్లు తిరిగి రాలేదు. లోపలి రచనలు మాత్రం చెడలేదు. అట్టి రెండు పేర్లు ఒకటే అయినచో, ఉన్నదానిపై వ్రాయవచ్చునా అని అన్‌జిప్ అడుగుతుంది. అవునన్నచో ఒక విద్యార్థి రచన అంతరించినట్లే! అక్కడ కొత్త పేరు ఇవ్వవలెను.

మేము అట్లే చేసి, ప్రతి తెలుగు రచనను చదివి, దాని పేరు మరల వ్రాసుకొన్నాము. ఒక్కటీ పోలేదు. ఇకపై రచనలు పంపేవారు యూనికోడ్ పాటించే నేటి ప్రోగ్రామునే వాడవలెనని, కట్ట సరిగా తెరుచుకొన్నదని మేము తెలిపే వరకు మూలప్రతిని తుడిచివేయరాదని కోరుచున్నాము.