జవాబుదారీతనం

పదిమంది కలిసి చేపట్టిన కార్యం సఫలం కావాలంటే ఆ పదిమందికీ సామర్థ్యం ఉన్నంత మాత్రాన చాలదు. ఎవరి పని ఏది, దానికి గడువెంత, అది ఎంతవరకు సాగింది అనే విషయాలు అందరికీ తెలిసి ఉండాలి. అట్లా తెలియనప్పుడు ఏమవుతుందో మన పెద్దలు ఒక్క సామెతలో చెప్పారు: ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట!

‘జవాబు’ అరబ్బీ పదం. దానికి చేరిన ‘దారు’ పారసీక ప్రత్యయం. జమీందారు, తహశీల్దారు వంటి పదాలలోనూ ఇదే ప్రత్యయం కనిపిస్తుంది. జవాబు చెప్పవలసిన స్థానంలో ఉన్నవాడు జవాబుదారు. బాధ్యత పనికి ముందు స్వీకరించేది. జవాబు పని జరిగిన తరువాత చెప్పేది. ఈ రెండింటినీ కలిపే వంతెన లెక్క. అందుకే మన వర్తకులు ఏనాటి పద్దు ఆనాడే చిట్టాలో వ్రాసి, దానిని ఆవర్జాకు ఎక్కించేవారు.

ఈ సూత్రం ఆచరణలో ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి మన గ్రామాలలోని మహిళా స్వయం సహాయక సంఘాలే చక్కని నిదర్శనం. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని ఆరంభించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000వ సంవత్సరంలో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ ఉద్యమానికి ఊతమిచ్చింది. క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు ఈ సంఘాలకు పునాది. ఇందులో ఐదవ సూత్రం లేనిదే తక్కిన నాలుగూ నిలువవు. సమావేశంలో అందరి ఎదుట పద్దు చదివినప్పుడు అనుమానానికి తావుండదు. అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు కూడా ఈ పుస్తకాలనే పరిశీలిస్తాయి.

అయితే లెక్క వ్రాయడం ఒక ఎత్తు, దానిని సరిగా చదవడం మరొక ఎత్తు. పదిమంది సభ్యులున్న ఒక సంఘం అడ్డాకు విస్తళ్లు కుట్టి అమ్ముతున్నదనుకుందాం. ఇద్దరు ఆకు తెస్తారు; ఐదుగురు కుడతారు; ఇద్దరు అమ్ముతారు; ఒకరు లెక్క వ్రాస్తారు. కుట్టేవారు ఒక్కొక్కరు రోజుకు 200 చొప్పున కుడితే ఆరు రోజులకు 6,000 విస్తళ్లు కావాలి. ఒక వారం 5,000 మాత్రమే వచ్చాయి. మొత్తం మాత్రమే చూసినవారు కుట్టేవారిని నిందిస్తారు. కాని ఆకు వచ్చిన తేదీ కూడా వ్రాసి ఉంటే, అది ఒకరోజు ఆలస్యమైందనీ, ఆ రోజు పని నిలిచిపోయిందనీ వెంటనే తెలుస్తుంది. తగ్గిన 1,000 ఆ ఒక్కరోజువే! కనుక ఫలితాన్ని మాత్రమే కాక, పనిలోని ప్రతి దశనూ నమోదు చేయాలి. అప్పుడే దోషం ఎక్కడుందో తెలుస్తుంది. నిర్దోషికి నింద తప్పుతుంది. ఆకు ఎందుకు ఆలస్యమైందో అడిగి, దానికి తగిన ఉపాయం ఆలోచించడమే సమావేశం చేయవలసిన పని.

జవాబుదారీతనానికీ, ఒత్తిడికీ గల భేదాన్ని కూడా మనం గుర్తించాలి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అప్పులు వసూలు చేసే తీరుపై తీవ్ర విమర్శలు చెలరేగాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని నియంత్రించడానికి ఆర్డినెన్సు జారీ చేసింది. సాటి సభ్యురాలు కష్టంలో ఉన్నప్పుడు ఆమె మాట వినే సంఘంలో లెక్క అండగా నిలుస్తుంది. వినకుండా వసూలు మాత్రమే చేసేచోట అదే లెక్క ఆయుధమవుతుంది.

చిన్న సంఘానికైనా, పెద్ద పరిశ్రమకైనా ధర్మం ఒక్కటే. పనిని స్పష్టంగా పంచుకోవాలి. కొలమానాన్ని ముందే అంగీకరించాలి. నిర్ణీత దినాన అందరూ కూర్చుని చూసుకోవాలి. లోపం కనిపిస్తే మనిషిని కాక కారణాన్ని వెదకాలి. ఈ నియమం నాయకునికి కూడా వర్తించాలి. తన పద్దును ముందుగా తానే చదివి వినిపించే నాయకుడు ఇతరులను లెక్క అడిగే అర్హత పొందుతాడు.