పులి పంజా, కొంగ ముక్కు: కుంగ్‌ఫూ జంతువుల గురించి అపోహలు, వాస్తవాలు

1978లో వచ్చిన ‘స్నేక్ ఇన్ ద ఈగిల్స్ షాడో’లో జాకీ చాన్, పిల్లీ నాగుపామూ కొట్లాడుకోవడం చూసి కొత్త విద్య కనిపెడతాడు. 2008 నాటి ‘కుంగ్‌ఫూ పాండా’లో పులి, కొంగ, కోతి, పాము, గొల్లభామ పురుగు ఏకంగా యోధులైపోయాయి. ఈ సినిమాలు మన పిల్లలకు కుంగ్‌ఫూ మీద ఇష్టం కలిగించాయి, సంతోషమే. అయితే తరతరాలుగా ఆ విద్యను నిలబెట్టిన మనుషుల శ్రమను అవి కథల చాటున దాచేశాయి. అదే బాధ.

అపోహ: జంతువులా నటించడమే ఈ శైలుల రహస్యం.

వాస్తవం: దక్షిణ చైనాలోని హుంగ్ గార్ సంప్రదాయంలో ‘పులి పంజా’ అంటే గోళ్లతో గీరడం కాదు. వేళ్లను వెనక్కి వంచి బిగిస్తే అరచేతి మొదలు ముందుకొస్తుంది. దెబ్బ వేసేది దాంతోనే. ఆ మరుక్షణమే వేళ్లు ప్రత్యర్థి చేతినో భుజాన్నో ఒడిసిపట్టడానికి సిద్ధంగా ఉంటాయి. ‘కొంగ ముక్కు’లో అయిదు వేళ్ల కొసలూ ఒక్కచోట కలుస్తాయి, కన్ను, కణత లాంటి సున్నితమైన చోట్లే దానికి గురి. ఇక షాన్‌డాంగ్ ప్రాంతపు గొల్లభామ శైలి చూడండి. మణికట్టు కిందికి వంగి, చేయి కొక్కెంలా మారుతుంది. ఎదుటివాడు గుద్దబోతే ఆ కొక్కేన్ని అతని మణికట్టుకు తగిలించి పక్కకు లాగుతారు, అదే ఊపులో రెండో చేత్తో కొడతారు. చేతి ఆకారం, అడుగు, పోరాడేవాడి మనఃస్థితి ఈ మూడూ శిష్యుడికి ఒక్క మాటలో గుర్తుండాలని గురువులు జంతువు పేరు వాడారు.

అపోహ: ఈ విద్యను చైనాకు నేర్పింది మన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడే.

వాస్తవం: 2011లో తెలుగులోకి డబ్బింగ్ అయిన ‘సెవెన్త్ సెన్స్’ తర్వాత ఈ మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. వినడానికి గర్వంగా ఉంటుంది కానీ ఆధారం లేదు. ఆయన రాసినట్టు చెప్పే ‘యీజిన్ జింగ్’ 17వ శతాబ్దపు రచన. ప్రాచీన గ్రంథంలా కనిపించడానికి దానికి ముందుమాటలు కూడా కల్పించారు. పైగా అందులో ఉన్నవి ఒంటిని గట్టిపరచుకునే వ్యాయామాలు, జంతువుల పోరు కాదు. ఆయన ఈ విద్య నేర్పాడని చెప్పే షావోలిన్ మఠంలో కూడా, 16వ శతాబ్దంలో తూర్పు తీరపు సముద్రపు దొంగలతో తలపడిన సన్యాసులకు పేరు తెచ్చింది కర్రసాము. బోధిధర్ముణ్ని చాన్ బౌద్ధులు తమ ధ్యానమార్గానికి మూలగురువుగా కొలుస్తారు. ఆయన గొప్పతనానికి అది చాలు, లేని కిరీటం అక్కర్లేదు.

అపోహ: పులి, కొంగ, చిరుత, పాము, డ్రాగన్ అనే అయిదు శైలులు వేల ఏళ్లనాటివి.

వాస్తవం: బాయ్ యూఫెంగ్ అనే గురువు వీటిని షావోలిన్‌లో రూపొందించాడన్న కథకు ప్రచారం తెచ్చింది 1915లో షాంఘైలో అచ్చయిన ఒక పుస్తకం. ఆ తరహా కథలను చరిత్రకారుడు టాంగ్ హావో 1930 నుంచే పాత పత్రాలతో పోల్చి ఎండగట్టాడు. వేల ఏళ్లంటూ చాలామంది చూపించే హువా టువో ‘అయిదు జంతువుల ఆట’ వేరే సంగతి. క్రీ.శ. 2వ శతాబ్దం చివర్లో ఆ వైద్యుడు చెప్పింది ఆరోగ్యం కోసం. అందులోని జింక, ఎలుగుబంటి, కోతి ఈ పోరాట జాబితాలోనే లేవు.

అపోహ: గొల్లభామ శైలి అంతా ఒక్కటే.

వాస్తవం: పేరొక్కటే, అంతే. దక్షిణాది గొల్లభామ శైలి గ్వాంగ్‌డాంగ్‌లోని హక్కా ప్రజలది. ఒంటికి ఒళ్లు తగిలేంత దగ్గర్లో చేసే పోరు. షాన్‌డాంగ్ శైలితో దానికి చుట్టరికం లేదు.

అపోహ: జంతు శైలులన్నీ సినిమావాళ్ల కల్పనే.

వాస్తవం: ఇది పై అపోహలకు అటు చివర. ఫూజియన్ ప్రాంతపు తెల్లకొంగ శైలి ఇప్పటికీ సజీవంగా ఉంది. ఫాంగ్ చీనియాంగ్ అనే యువతి కొంగను వెదురుకర్రతో అదిలించబోయి దాని ఒడుపు చూసి నేర్చుకుందన్నది జనం చెప్పుకునే కథే కావచ్చు. ఆ శైలి ప్రభావం మాత్రం నిజం. 19వ శతాబ్దంలో ఒకినావా నుంచి ఫూజౌ వెళ్లి హిగావొన్నా కాన్‌ర్యో నేర్చుకొచ్చిన విద్య, ఆయన శిష్యుడు మియాగి చోజున్ చేతిలో గోజూ-ర్యూ కరాటేగా ఎదిగింది. ఫూజియన్ విద్యల్లో, ముఖ్యంగా తెల్లకొంగలో, దాని వేళ్లున్నాయి.

మీ పిల్లల్ని కుంగ్‌ఫూ క్లాసులో చేర్చేటప్పుడు ఆ శైలి ఎన్ని వేల ఏళ్లనాటిదని అడగకండి. ఆ శైలిలో ఎదుటివాడి గుద్దును ఎలా కాచుకోవాలో ఒకసారి చేసి చూపించమని మాస్టారిని అడగండి.